నేను పుట్టకముందే మానేశావు కదా అమ్మా

మా పెద్దది ఈ ఆగస్టులో ఇండియాకు రానంది. బ్యాండ్ క్యాంపు ఉందట. స్కూలు మార్చింగ్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది, క్యాంపు ఎగ్గొడితే ఫుట్‌బాల్ సీజన్‌లో వరుసలో చోటుండదట. నేను ఎప్పటిలాగే నెమ్మదిగా మొదలుపెట్టి, ఎప్పటిలాగే గట్టిగా ముగించాను. "నీ కోసం లెక్చరర్ ఉద్యోగం వదులుకొని వచ్చిన నేను. అమ్మమ్మ కోసం ఒక్క క్యాంపు వదులుకోలేవా?"

అది పెరుగన్నం కలుపుకుంటూ, తలెత్తకుండా అంది: "నేను పుట్టకముందే మానేశావు కదా అమ్మా. నా కోసం ఎట్లయితది?"

మా ఆయన మజ్జిగ గ్లాసు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని నాకు తెలుసు. లెక్క సరిగ్గానే ఉంది మరి. నేను కాలేజీ మానేసింది 2007లో, అది పుట్టింది 2009లో. ఈ డైలాగు నేను దాని మీద వాడాను, దాని తమ్ముడి మీద వాడాను, ఫోన్లో మా చెల్లెలి మీద వాడాను, ఇన్సూరెన్స్ పాలసీ అమ్మడానికి ఇంటికొచ్చిన ఒక తెలుగాయన మీద కూడా వాడాను. ఎవరూ తారీఖులు అడగలేదు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఈ ఏడు స్కూల్లో ఎకనామిక్స్ తీసుకుంది కాబట్టి ఊరుకోలేదు. ఒక మనిషి దేనికి విలువిస్తారో తెలియాలంటే వాళ్ల మాటలు వినక్కర్లేదట, దేన్ని వదిలి దేన్ని పట్టుకున్నారో చూస్తే చాలట. "నువ్వు కాలేజీ వదిలి నాన్నను, అమెరికాను తీసుకున్నావు. అంటే నీకు అవే ఎక్కువ. అందులో తప్పేం లేదు అమ్మా" అని, కంచం సింక్‌లో పెట్టి పైకి వెళ్లిపోయింది. ఆ "తప్పేం లేదు" దగ్గరే నాకు మండింది.

నాకొక అలవాటుంది. డైనింగ్ టేబుల్ దగ్గర ఓడిపోయిన వాదనను అర్ధరాత్రి మంచం మీద ఫోన్ చూస్తూ గెలుస్తాను. దాని సిద్ధాంతానికి అసలు యజమాని పాల్ శామ్యూల్సన్ అనే అమెరికా ఆర్థికవేత్త అట. 1938లో ఆయన చెప్పింది స్థూలంగా ఇదే: మనిషి మనసులో ఏముందో మనకు కనిపించదు, ఎంపిక కనిపిస్తుంది, దాన్నుంచే ఇష్టాన్ని లెక్క కట్టుకోవాలి. 1970 నోబెల్ ఆయనదే. అమ్మయ్య, మన అమర్త్య సేన్ కూడా దొరికాడు. 1970లలోనే ఆయన ఈ లెక్కను నిలదీశాడు. తనకు నష్టమని తెలిసీ, ఇష్టం లేకపోయినా, మాటకు కట్టుబడి చేసే పనులు మనుషులకు ఉంటాయి, అలాంటి ఎంపిక చూసి వాళ్లకు అదే ఇష్టమని రాసేసుకుంటే ఎలా అని. తెల్లారి దీన్ని అప్పజెబుదామనుకున్నాను. తీరా తెల్లారాక, సేన్ మాట నాకు పనికొస్తుందా అని అనుమానం వచ్చింది. నేను కాలేజీ వదిలింది ఏ మాటకు కట్టుబడి?

నల్గొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ. ఎంపీసీ, బైపీసీ రెండింటికీ కెమిస్ట్రీ నేనే. జీతం ఏ తారీఖున వస్తుందో దేవుడికే తెలియాలి. ప్రిన్సిపాల్‌కు పాస్ పర్సంటేజీ తప్ప ఇంకో లోకం లేదు. అయినా బోర్డు దగ్గర నిలబడితే బాగుండేది. నీళ్ల గురించి చెప్పేటప్పుడు సిలబస్‌లో ఉన్నా లేకున్నా నల్గొండ పద్ధతి చెప్పేదాన్ని. పటిక, సున్నం వేసి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను అడుగుకు దించడం. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ దాన్ని తయారుచేసి మా ఊరి పేరు పెట్టింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు, పళ్లకు ఏమవుతుందో బోర్డు మీద రాయాల్సిన పని ఉండేది కాదు. మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చిన పిల్లలు వెనక బెంచీల్లో కూర్చునే ఉండేవాళ్లు.

ఇంతలో సంబంధం వచ్చింది. అబ్బాయిది కొల్లాపూర్ దగ్గర, ఉద్యోగం అమెరికాలో. కాలేజీ కావాలా, పెళ్లి కావాలా అని నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. ఆ నెల నా బెంగంతా సూట్‌కేసు బరువు గురించే. అప్పుడు నన్ను ఎవరైనా త్యాగం చేస్తున్నావా అని అడిగి ఉంటే వింతగా చూసేదాన్ని.

నా ఉద్యోగం పెరగడం మొదలైంది ఇక్కడికొచ్చాకే. ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ల భార్యాభర్తలకిచ్చే హెచ్4 వీసా మీద అప్పట్లో పని చేయడానికి వీల్లేదు. పొద్దున అందరూ వెళ్లిపోయాక ఇంట్లో నేనూ, గిన్నెలు కడిగే మెషినూ. అప్పుడు నాలుగు గోడల మధ్య ఆ కాలేజీ ఏటేటా ఒక అంతస్తు లేపుకుంది. జీతం ఆలస్యమయ్యేదన్నది పోయింది, ప్రిన్సిపాల్ పోయాడు, నేనంటే ప్రాణమిచ్చే పిల్లలు మిగిలారు. పాప పుట్టాక పెద్ద ఊరట దొరికింది. ఇన్నాళ్లూ ఎందుకో తెలియకుండా పోయినదానికి ఒక కారణం ఊయలలో పడుకుని ఉంది. దాన్ని అడగకుండా, దాని పేరు మీద ప్రామిసరీ నోటు రాసేసుకున్నాను. తారీఖు వెనక్కి వేసి మరీ.

అదే అర్ధరాత్రి చదువులో ఇంకోటి తగిలింది. 1959లో ఎలియట్ ఆరన్సన్, జడ్సన్ మిల్స్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం. ఒక చర్చా బృందంలో చేరడానికి కొందరు కాలేజీ అమ్మాయిలకు సిగ్గుతో చచ్చిపోయేలాంటి పరీక్ష పెట్టారు, కొందరికి తేలిక పరీక్ష, కొందరికి అసలు లేదు. తర్వాత అందరికీ వినిపించింది ఒకే చప్పటి చర్చ. కష్టపడి లోపలికొచ్చినవాళ్లే అది బాగుందన్నారు. ముందు ధర కట్టారు, తర్వాత సరుకు మంచిదని నమ్మారు. ఇది మా అమ్మాయికి చెబితే దాని సిద్ధాంతం తలకిందులవుతుంది. వదులుకున్నది చూసి విలువ తెలుసుకోవచ్చని అది అంటుంది, వదులుకున్నాం కాబట్టే విలువ పుట్టిందని ఇది అంటుంది. కానీ చెబితే, "అంటే నేను చప్పటి చర్చనా" అంటుంది. చెప్పలేదు.

ఇంకో సంగతీ దానికి చెప్పలేదు. 2015 మే 26 నుంచి, గ్రీన్‌కార్డు వరుసలో కొంత దూరం వచ్చినవాళ్ల భార్యాభర్తలకు పని చేసుకునే వీలు వచ్చింది. ఆ వార్త కోసం ఎన్ని శాపనార్థాలు పెట్టానో, ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగానో. పని చేసుకునే కార్డు వచ్చింది. డ్రాయర్‌లో పెట్టాను, పాస్‌పోర్టుల కింద. అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు, పిల్లలు చిన్నోళ్లు కదా అని. నిజం ఏమిటంటే భయం. ఇంటర్వ్యూలో నా ఇంగ్లిష్ విని వాళ్లు మళ్లీ అడిగితే? మోలారిటీ లెక్క మర్చిపోయి ఉంటే? డ్రాయర్ తీసినప్పుడల్లా పాస్‌పోర్టులే చూసేదాన్ని. చివరికి ఒక స్కూల్లో సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా చేరాను, అదీ మా ఆయన ఫారం నింపి నా ముందు పెడితే. పిల్లల కోసం మానుకున్నానని నేను చెప్పే ఏళ్లలో కొన్ని చట్టం ఆపినవి, కొన్ని నేనే భయపడి ఆపుకున్నవి. రెండింటికీ త్యాగమని ఒకే పేరు పెట్టుకుని తిరిగాను.

ఆ పేరు పెట్టడంలో నేను ఒంటరిని కాదు, మా అత్తగారి ఊరి వైపు ప్రభుత్వాలే పెట్టాయి. ఆమె పుట్టిల్లు శ్రీశైలం ముంపులో పోయింది. 1981లో ఖాళీ చేయించారు. మైకు ముందు నిలబడిన ప్రతి నాయకుడూ ఆ ముంపువాళ్లను త్యాగధనులనే అన్నాడు. మీ త్యాగం వల్లే కరెంటు, మీ త్యాగం వల్లే నీళ్లు. మా అత్తమ్మ దగ్గర ఆ మాట అంటే మాత్రం, "మేమెక్కడ ఇచ్చినమమ్మా, వాళ్లే తీసుకున్నరు" అంటుంది. ఇంటికొక ఉద్యోగమని 98 నంబర్ జీవో వచ్చింది 1986లో. ఆ జీవో పట్టుకుని తిరిగిన కుర్రాళ్లు తిరుగుతూనే ముసలివాళ్లయ్యారు. ఇంకో సంగతి: అదే ముంపులోని కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, తీసుకుపోయి, అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. అంత జాగ్రత్తగా కట్టినందుకు నాకు గుడి చూసినప్పుడు ఆనందమే వేసింది. పక్కనే నిలబడిన అత్తమ్మ మొక్కుకుని, కొంగు సర్దుకుని, "మా ఇంటి గడపకు గిట్ల నంబరెయ్యలే" అంది. మా అమ్మాయి లెక్క ఏదైనా సరిగ్గా పనిచేసిన చోటు ఉందంటే ఇదే. దేన్ని మోసుకుపోయారో, దేన్ని వదిలేశారో చూస్తే ఎవరు దేనికి విలువిచ్చారో తెలిసిపోతుంది. కాకపోతే అది వదులుకున్నవాళ్ల సంగతి కాదు, వదిలించినవాళ్ల సంగతి.

అటువైపే ఇంకో మాట గర్వంగా చెప్పుకుంటారు, దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా అక్కడ పాలమూరు కూలీ చెమట ఉందని. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, పసిపిల్లను చంకనేసుకుని, ఎడపిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి వెళ్లేవాళ్లు. బిడ్డ కంటే అడ్వాన్సు ఎక్కువని ఎవరైనా లెక్క రాస్తే, రాసినవాడి చెయ్యి విరగ్గొట్టాలనిపిస్తుంది. రెండో దారి లేనివాడి ఎంపికలో ఇష్టాన్ని వెతకకూడదు. ఇక్కడిదాకా నేను గట్టిగానే నిలబడగలను.

కానీ మా పెద్దమ్మ దగ్గరకొచ్చేసరికి తడబడతాను. నాన్న పంతులు, ట్రాన్స్‌ఫర్లు. దాంతో చిన్నప్పుడు కొన్నేళ్లు మర్రిగూడ వైపు మా పెద్దమ్మ ఇంట్లో పెరిగాను. ఊళ్లో బోరు నీళ్లు. ఆ నీళ్లు మంచివి కావని అప్పటికే అందరికీ తెలుసు, వంగిపోయిన నడుములు వీధికి రెండు కనిపించేవి. ఊరి బయట ఒక వ్యవసాయ బావి నీళ్లు కొంత నయమనేవాళ్లు. పెద్దమ్మ పొద్దున్నే అంత దూరం నడిచి ఇత్తడి బిందెతో తెచ్చేది. తను మాత్రం ఆ నీళ్లు తాగేది కాదు, బోరు నీళ్లే. ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు. చివరి రోజుల్లో మెడ తిప్పలేక, పిలిస్తే మనిషంతా తిరగాల్సి వచ్చేది. రెండో దారి ఉండి, ధర తెలిసి, నోరు మెదపకుండా చేసింది. అసలైన త్యాగం చూపించమంటే నేను ఆమెను చూపిస్తాను.

మరి ఆ బిందె నీళ్లు ఎవరికి? ముందు అన్నయ్యలిద్దరికీ. వాళ్లు బడికి పోయేటప్పుడు సీసాల్లో. తర్వాత పెదనాన్నకు. మిగిలితే అక్కకూ నాకూ. మిగలని రోజులే ఎక్కువ. నా ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి. ఇక్కడి డెంటిస్టు చూడగానే, చిన్నప్పుడు ఏ నీళ్లు తాగావని అడిగింది. ఎవరి చేతి నీళ్లు అని అడగలేదు, నయం. పెద్దమ్మను నేను ప్రేమించాను, ఆమే నన్ను ఎత్తుకుని పెంచింది. ఆమె త్యాగం ఆమె దేనికి విలువిచ్చిందో నిజంగానే చూపించింది. చూపించిన దాన్లో నేను కొంచెం వెనక వరుసలో ఉన్నాను, అంతే. త్యాగం అనగానే మనం చేతులు జోడిస్తాం. ఎవరి కోసం, ఎవరిని పక్కనపెట్టి అని అడగం.

మా నాన్నకు ఇలాంటి అనుమానాలు ఉండేవి కావు. ఆయన సోషల్ పంతులు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు భూమి లేనివాళ్లు 80 ఎకరాలు కావాలంటే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్న కథ చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. భూదానోద్యమం మా జిల్లాలో పుట్టిందని ఛాతీ విరుచుకునేవాడు. మా చిన్నాయన పక్కనుంచి, "అప్పటికి సాయుధ పోరాటం నడుస్తనే ఉండె, ఇయ్యకున్నా పోయే భూమే గదనే" అనేవాడు. అన్నదమ్ములు ఆ ఒక్క విషయం మీద ఎన్ని దసరాలు పాడుచేసుకున్నారో. దానమిచ్చిన మనిషి మనసు ఇద్దరూ చూడలేదు. ఆ తర్వాత దేశమంతా భూములిచ్చినవాళ్లలో రాళ్ల గుట్టలు ఇచ్చినవాళ్లున్నారు, కోర్టు కేసుల్లో ఇరుక్కున్నవి ఇచ్చినవాళ్లున్నారు. కాగితం మీద అన్నీ ఎకరాలే. ఇచ్చినదాని విలువ బయటివాళ్లు కడతారు, ఇచ్చేవాడికి అది ఎంతనేది వాడికే తెలియాలి.

ఇది నాకు పోచంపల్లి వల్ల అర్థమైందని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, అర్థమైంది మా అమ్మ గొలుసు వల్ల.

నా ఎమ్మెస్సీ కోసం అమ్మ రెండు పేటల గొలుసు అమ్మింది. మా ఇంట్లో ఇది పురాణం. నేను ఎప్పుడు చదవకుండా కూర్చున్నా నాన్న అమ్మ మెడ వైపు చూసేవాడు, అంతే, పుస్తకం తెరిచేదాన్ని. ఆ బరువు మోస్తూ మోస్తూ, కాలేజీ జీతంలో దాచుకుని ఆమెకొక గొలుసు కొన్నాను. "మంచిగుంది బిడ్డా" అని పెట్టెలో పెట్టింది. మళ్లీ వేసుకోగా నేను చూడలేదు. దాచుకుంది పాపం అనుకున్నాను.

బ్యాండ్ క్యాంపు గొడవ తర్వాత ఒక ఆదివారం వీడియో కాల్‌లో మా పెద్దది సరాసరి అమ్మమ్మనే అడిగింది. ఎవరి పక్షాన సాక్ష్యం కోసమో నాకు తెలుసు. "అమ్మమ్మా, మా అమ్మ చదువుకు నీ గొలుసు అమ్మినవంట. బాధ కాలేదా?"

"ఏ గొలుసు? రెండు పేటలదా? అది మా అత్త పెట్టింది గదనే. ఆమె బతికినన్ని దినాలు నా మెడల సూసి గుండ్లు లెక్కపెట్టుకునేది, తగ్గినయా అని. ఎప్పుడు పోతదా అనుకున్న. పోయింది, పీడ వాయె."

నేను ఫోను పట్టుకుని అట్లాగే ఉండిపోయాను. మా అమ్మ ఇంకా చెబుతోంది. "బర్రెను అమ్మినప్పుడు ఏడ్చిన. గొలుసుకు ఎందుకేడుస్త?"

ఏ బర్రె అన్నాను.

"కొమ్ము వంకరది. నీ హాస్టల్ డిపాజిట్‌కు అమ్మలే? మీ నాయిన అంగడికి కొట్టుకపోయిండు. నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి వెడితే చేపకపోయేది అది. దూడ సచ్చినంక గూడ నాకు చేపింది. నేను పొదుగు కడిగి, నడుము మీద చెయ్యేసి, పేరు వెట్టి పిలిస్తేనే పాలు దిగేవి. కొన్నోడు ఏం తిప్పలువడ్డడో. దాన్ని కట్టేసే తలుగు మాత్రం నేను ఇయ్యలే. డబ్బులు జేబుల వెట్టుకున్నంక గూడ మీ నాయిన తలుగు అడిగిండు, ఇయ్యనన్న."

నాకు ఆ బర్రె గుర్తుంది. పోయిన రోజు గుర్తులేదు. సెలవులకు వచ్చినప్పుడు ఇంట్లో ప్యాకెట్ పాలు కనిపిస్తే, అమ్మకు పని తప్పిందని సంతోషపడ్డాను కూడా. మా ఇంటి పురాణంలో బర్రె పేరు ఎక్కడా లేదు. బంగారానికి తూకం ఉంది, రసీదు ఉంది, చుట్టాల్లో పేరుంది. బర్రె పోతే పశువు అమ్మారంటారు. మా నాన్న చూసింది ఆమె మెడనే, కొట్టం వైపు చూసి ఉంటే నేను ఇంకా బాగా చదివేదాన్నేమో.

ఈ ముచ్చట అయ్యాక మా పెద్దది గెలిచినట్టు కాకుండా కొంచెం ఇబ్బందిగా చూసింది. అమ్మమ్మ దేనికి విలువిచ్చిందో దాని పుస్తకం లెక్కలో ఎక్కడ రాయాలో దానికీ తోచలేదు. బర్రె కంటే నా చదువు ఎక్కువని రాయొచ్చు, తప్పు కాదు. కానీ ఆ వాక్యంలో తలుగు లేదు.

నన్ను అడిగే కొత్త తల్లులకు ఒక సలహా ఇస్తుంటాను. పిల్లలకు మన త్యాగాల బిల్లు చూపించకండి, చూపించిన రోజే అది అప్పు అవుతుంది అని. పాట్‌లక్‌లలో పప్పు వడ్డించుకుంటూ చాలా నిబ్బరంగా చెబుతాను. ఇంటికొచ్చి కారు దిగకముందే బిల్లు చదువుతాను. పైగా ఈ సలహా సరైనదేనా అని ఇప్పుడు అనుమానం. పెద్దమ్మ చెప్పలేదు, ఆమె మెడ అట్లా ఎందుకయిందో ఆ అన్నయ్యల పిల్లలకు తెలియనే తెలియదు. మా అమ్మ బర్రె సంగతి చెప్పలేదు, మనవరాలు అడిగితే తప్ప. చెప్పకపోతే మాయమైపోతాయి, చెబితే పాడైపోతాయి. మధ్యలో ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్లు నాకైతే కనపడలేదు.

నా పిల్లలు నన్ను దేన్నిబట్టి చదువుతారని ఆలోచిస్తే ఇంకా భయం. తెలుగు రావాలి, తెలుగు రావాలి అని నేను ఇంట్లో చేసే హడావుడి అంతా ఇంతా కాదు. చిన్నోడికి తెలుగు క్లాసు ఆదివారం పొద్దున ఉండేది, ఊళ్లోనే. స్విమ్మింగ్ పోటీలూ ఆదివారం పొద్దునే, గంటన్నర దూరంలో. ఏదో ఒకటే కుదురుతుందన్నప్పుడు నేను ఎటు తిప్పాను స్టీరింగు? చీకటితోనే లేచి, ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుని, హైవే ఎక్కాను. వాడికి అచ్చులు వచ్చు, హల్లుల్లో సగం వచ్చు. తెలుగంటే అమ్మకు ప్రాణమని వాడు నమ్మడం లేదు. నా మాటలు విన్నాడు, నా ఆదివారాలూ చూశాడు. రెండూ నాకు కావాలిరా అంటే, అందరికీ రెండూ కావాలి అంటాడు. వాళ్ల అక్క నేర్పిందే.

ఇంత రాస్తూ ఒక మాట చుట్టూ తిరుగుతున్నాను. మా అమ్మ నల్గొండలో ఒక్కతే ఉంటుంది. నాన్న పోయాక మాతో ఉండమన్నాను. ఒక చలికాలం వచ్చి ఉండి, "ఈడ నాకేముంది బిడ్డా, కిటికీలకెల్లి చూసుడే గద" అని వెళ్లిపోయింది. నేనే అక్కడికి వెళ్లిపోవచ్చు. ఎవరూ కట్టేయలేదు. ఇల్లు అమ్ముకోవచ్చు, మా ఆయనకు హైదరాబాద్‌లో ఉద్యోగం దొరకనిది కాదు, పిల్లలు కొన్నాళ్లు ఏడ్చి సర్దుకుంటారు. పాలమూరు కూలీకి లేని రెండో దారి నాకుంది. ఏళ్లుగా ఉంది. ఆ దారిన నేను పోలేదు. శామ్యూల్సన్ లెక్కలో మా అమ్మ ఎక్కడుంటుందో చూడాలంటే పుస్తకం అక్కర్లేదు. సేన్ వచ్చి నన్ను కాపాడతాడేమోనని చూశాను, రాలేదు. రోజూ ఫోన్ చేస్తాను, బీపీ మాత్రలు వేసుకుందో లేదో అడుగుతాను, డబ్బు పంపుతాను. నాకు నొప్పి పుట్టేది ఒక్కటీ అందులో లేదు. ప్రేమ ఉందా అంటే ఉంది. ఏం వదులుకున్నావంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు. నా కూతురు నా దగ్గరికి రాకుండా రేపు ఇదే చేస్తే నేను ఏమంటానో నాకు తెలుసు. తను ఏమీ వదులుకోకూడదనీ ఉంటుంది, నా కోసం ఏదో ఒకటి వదులుకుంటే చూడాలనీ ఉంటుంది.

చివరికి పెద్దది క్యాంపుకే పోతోంది, వాళ్ల నాన్న ఇక్కడే ఉంటాడు. నేనూ చిన్నోడూ బయల్దేరుతున్నాం. ఆ మాట చెప్పడానికి అమ్మకు ఫోన్ చేశాను. ఆగస్టులో టికెట్లు మండిపోతున్నాయని, స్కూల్లో లీవు దొరకడం ఎంత కష్టమైందో, మధ్యలో ఎన్ని గంటలు ఎయిర్‌పోర్టులో పడి ఉండాలో అన్నీ చెప్పి, "నీ కోసమే వస్తున్నమే" అన్నాను.

"వస్తే రా" అంది. "వచ్చి నా కోసమొచ్చిన అని మాత్రం అనకు. తొక్కు అయిపోయినట్టుంది నీకు."

అయిపోయిన మాట నిజమే.